అలంపురమున స్వస్థానము వీడిన శిలలు

అలంపురమునకు పోవు చరిత్రప్రియులు నవబ్రహ్మాలయములను చూచి, జోగులాంబను సేవించి, పురావస్తుశాలలోని శిల్పములను పరికించి, సాయంకాలమునకు కర్నూలు చేరుకొందురు. హైదరాబాదునకు సుమారు 200 కిలోమీటర్ల దూరమున, తుంగభద్ర యెడమగట్టున నున్న ఈ పట్టణము శ్రీశైలమునకు పశ్చిమద్వారమని ప్రసిద్ధి. ఇచ్చటి ఆలయములను గూర్చి వ్రాసినవారు పెక్కురు. మే మిచట చర్చింపదలచినది ఒక్క విషయమే: ఈ క్షేత్రమున మన కంటబడు ప్రతి శిలయు తన స్వస్థానముననే యున్నదా? ఈ ప్రశ్న మాకు తోచుటకు కారణము మేము చేసిన యొక పొరపాటు.

కొన్ని యేండ్ల క్రిందట పరిశోధక విద్యార్థులను వెంటబెట్టుకొని అలంపురమునకు వెళ్ళితిమి. సంగమేశ్వరాలయము ముందు నిలిచి, బాదామి చాళుక్యులు తమ నిర్మాణములను ఈ దిక్కునకును విస్తరింపజేసిరనియు, నవబ్రహ్మాలయములకును దీనికిని గల దూరమునుబట్టి నాటి పురవైశాల్యమును ఊహింపవచ్చుననియు చెప్పుచుంటిమి. విద్యార్థులు శ్రద్ధగ వ్రాసికొనుచుండిరి. చెట్టునీడను కూర్చున్న పెద్దవారొకరు కొంతసేపు విని, "సారూ, ఈ గుడి ఈడిది కాదు. మేము వయసుల ఉన్నప్పుడు కూడవెల్లిల ఉండె. రాయి రాయి ఇప్పి తెచ్చి ఈడ కట్టిన్రు" అనిరి. విద్యార్థుల కలములు ఆగినవి.

ఆయన చెప్పినది అక్షరాల నిజము. ఈ ఆలయము తొలుత కృష్ణా తుంగభద్రల సంగమస్థానమున, కూడవెల్లి గ్రామమున నుండెను. 1981లో పూర్తియైన శ్రీశైలం ప్రాజెక్టు జలాశయమున ఆ చోటు మునిగిపోవునని తెలిసి పురావస్తుశాఖవారు ఆలయమును విప్పి తెచ్చి అలంపురమున మరల నిలిపిరి. 9, 11 శతాబ్దుల నడుమ వెలసిన పాపనాశి ఆలయసముదాయమును గూడ ఇట్లే తరలించిరి. ఆ శ్రమయే లేకున్న ఈనాడు మనకు చూచుటకు రాయి యైనను మిగిలెడిది కాదు. దానిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని శిల్పము దక్కినంతమాత్రమున సాక్ష్యమంతయు దక్కినట్లు కాదు.

కూడవెల్లి యను పేరునే చూడుడు. ఇందలి పూర్వపదము కూడుట యను క్రియకు సంబంధించినదే. ఉత్తరపదమునకు ప్రవాహమను అర్థము చెప్పి, రెండు వెల్లులు కూడు చోటని వ్యాఖ్యానించుట సులభము. మనసునకు హితవుగ గూడ నున్నది. అయినను ఎర్రవెల్లి మొదలగు గ్రామనామములలో వెల్లి యనునది ఊరిని తెలుపు పదమువలెనే వచ్చుచున్నది గనుక మేము పట్టుబట్టము. పూర్వపదము చాలును. ఊరిపేరు తెలుగున చెప్పినదానినే స్వామిపేరు సంస్కృతమున చెప్పుచున్నది, ఒకదానికొకటి వ్యాఖ్య. ఇప్పుడు సంగమేశ్వరుడు సంగమము లేని చోట నున్నాడు. ఆ వ్యాఖ్యను చదువుటకు వలయు మూలము నీటిక్రింద నున్నది.

నంద్యాల జిల్లాలో సప్తనదీసంగమమని పేరొందిన సంగమేశ్వరమును దీనితో కలిపి గందరగోళపడువారు కలరు. అది వేరు. వేపమ్రాని లింగము గల ఆ గుడి తన చోటనే యుండి, సంవత్సరమున అధికభాగము అదే జలాశయమున మునిగి, నీరు తగ్గిన వేసవిలో మాత్రమే పూజ లందుకొనును. చోటు దక్కిన గుడి యొకటి, గుడి దక్కిన చోటు లేనిది యొకటి.

నవబ్రహ్మాలయములు స్వస్థానముననే యున్నవి. పేరున బ్రహ్మ యున్నను ఇవన్నియు శివాలయములే. తారకబ్రహ్మాలయము ద్రావిడరీతిది; తక్కినవి వంపు దేరిన రేఖానాగర శిఖరములు గలవి. స్వర్గబ్రహ్మాలయమును వినయాదిత్యుని (681–696) కాలమున రాణి గౌరవార్థము లోకాదిత్య ఎళ అరస కట్టించెనని శాసనము తెలుపుచున్నది. ఆ శాసనము ఆలయముననే యున్నందున కాలనిర్ణయమునకు బలము చేకూరినది. అదే రాయి మరియొకచోట దొరకియుండిన, ఏ గుడిని గూర్చి చెప్పుచున్నదని ఒక తరము పండితులు వాదులాడుకొని యుందురు.

అయితే ఈ ఆలయములకును ఒక మార్పు తప్పలేదు. జలాశయపు నీటినుండి కాపాడుటకై కట్టిన పెద్దగోడ వీనికిని నదికిని నడుమ నిలిచినది. గుడి కదలకున్నను, గుడికిని నదికిని గల చూపు పోయినది. జోగులాంబ కథ మరియొక తీరు. 14వ శతాబ్దిలో ఆమె యాలయము ధ్వంసమైన పిదప విగ్రహము బాలబ్రహ్మాలయమున పూజ లందుకొనుచు, 2005లో క్రొత్త యాలయమునకు చేరినది. అన్ని యేండ్లును ఆమె స్థానమెచటనో జనము మరువలేదు.

కూడవెల్లిని గూర్చి అట్టి జ్ఞాపకమే ఇప్పుడు వలసియున్నది. కొలతలు, చిత్రములు కాగితములపై నుండవచ్చును. నదిలో మునిగిలేచి గుడికి ఏ దారిని పోయెడివారో, వరద ఏ మెట్టు వరకు వచ్చెడిదో, ఏ రాతిని ఏమని పిలిచెడివారో కాగితము చెప్పదు. అది చూచినవారిలో చిన్నవారికే నేడు ఏబదియేండ్లు దాటినవి. మా విద్యార్థులకు ఇప్పుడు ప్రతి శాసనమునకును దొరకిన చోటు, ఉన్న చోటు వేర్వేరుగ వ్రాయుమని చెప్పుచున్నాము. వీలైనచోట పెద్దలను అడిగి వ్రాయుమనియు చెప్పుచున్నాము.

ఆనాడు మేము మాత్రము సిగ్గుతో త్వరపడి, ఆ పెద్దవారి పేరైనను అడుగక వచ్చితిమి. మరుసటి యేడు ప్రశ్నలు సిద్ధము చేసికొని వెళ్ళినపుడు ఆ చెట్టుక్రింద ఎవరును లేకుండిరి.