చిన్నవాళ్ళ తప్పుకి జైలొక్కటే దారి కాదు

పాలకాయతిప్ప వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏదైనా పోతే ముందు మా యానాదుల గుడిసెల వైపే చూస్తారు. ఇలాంటి అనుమానం ఇవాళ్టిది కాదు. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్త తెగల చట్టం చేసి కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలన్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకలవాళ్ళని అందులో ఉంచారు. ఆ చట్టాన్ని 1952లో తీసేశారు. చట్టం పోయింది గానీ ఆ మాట పోలేదు. అందుకే ఇప్పటి చట్టం ఏమంటుందో మనకి తెలియాలి.

దాని పేరు బాలల న్యాయ చట్టం, 2015. 18 ఏళ్ళు నిండనివాళ్ళందరూ అందులో పిల్లలే. 15 ఏళ్ళ పిల్లాడు ఒడ్డున ఆరేసిన వల ఎత్తుకుపోయాడనుకోండి. అప్పుడేం జరగాలి?

1. లాకప్‌లో పెట్టకూడదు. బేడీలు వెయ్యకూడదు.

2. ఇది చిన్న నేరం. పెద్దవాళ్ళతో కలిసి చెయ్యకపోతే ఎఫ్.ఐ.ఆర్. రాయకూడదు. స్టేషను డైరీలో రాసి, వాడి ఇంటి పరిస్థితి కూడా రాసి బాలల న్యాయ బోర్డుకి పంపాలి.

3. పట్టుకుంటే 24 గంటల్లో బోర్డు ముందుకి తీసుకెళ్ళాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడవాళ్ళు ఉండాలి.

4. తప్పు చేశాడని తేలితే మందలించి ఇంటికి పంపొచ్చు. ఆసుపత్రిలోనో, ముసలివాళ్ళ దగ్గరో సేవ చెయ్యమనొచ్చు. అమ్మానాన్నల పూచీ మీద వదలొచ్చు. హోముకి పంపడం ఆఖరి మాట.

5. పేరు, ఫోటో పేపర్లో వెయ్యకూడదు.

“అయితే దొంగని వదిలేసినట్టే కదా?” అని మీరు అడగొచ్చు. కాదు. హోములో ఉంటే తన బడికి దూరమవుతాడు. అమ్మానాన్న కూలి మానుకుని తిరగాలి. ఊళ్ళో ఉంటే వల పోగొట్టుకున్నాయన ముఖం రోజూ చూడాలి. అదేమీ తేలిక కాదు. ఇక 16 దాటినవాళ్ళు ఘోరమైన నేరం చేస్తే బోర్డు వేరేగా పరిశీలిస్తుంది.

న్యూజిలాండ్ దేశంలో 1989లో ఒక చట్టం వచ్చింది. అక్కడి ఆదివాసులైన మావోరీల పద్ధతి చూసి, పిల్లాడు, ఇంటివాళ్ళు, నష్టపోయినవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. మా పేటలో కులపెద్దలు కూర్చోబెట్టి, వస్తువు తిరిగి ఇప్పించి, తప్పు కట్టించడం లాంటిదే ఇది. మన పద్ధతిలోనూ మంచి ఉందన్నమాట!

మన అమ్మానాన్నల్లో చాలామందికి చదువు రాదు. ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నారో తెలియదు. సెలవలకి వెళ్ళినప్పుడు ఈ అయిదు సంగతులూ ఇంట్లో చెప్పండి. ఆపదలో ఉన్న పిల్లలకి ఫోను నంబరు 1098. అది కూడా గోడ మీద రాసి పెట్టండి.

— 9వ తరగతి విద్యార్థిని