పదునారు మెట్లు, పది రాగములు

అడుగు పొడవు, అర అడుగు వెడల్పు గల వెండిరంగు ప్లాస్టిక్ పెట్టె అది. క్రిందివైపున ఒక స్థాయికి సరిపడు పదమూడు చిన్న మీటలు. పైవైపున వరుసగా ఆరు మరలు. చూచినవారు దానిని ఆటబొమ్మ యనుకొన్నను తప్పు పట్టుటకు వీలులేదు. 1981 చివర జపాను దేశపు రోలాండు కంపెనీ దీనిని టి.బి.-303 అను పేర అంగడికి తెచ్చినది. రూపకర్త తదావో కికుమోతో. ఇంటిలో ఒంటరిగా గిటారు సాధన చేసికొనువానికి ప్రక్కన బేస్ గిటారు వాయించు తోడు లేని కొరతను ఈ పెట్టె తీర్చవలెనని కంపెనీవారి తలంపు.

ఆ కొరత తీరలేదు. దాని నాదము బేస్ గిటారు నాదమునకు ఆమడ దూరమున నిలిచినది. పైగా అందులో ఒక వరుస కూర్చుట సామాన్యులకు కొరుకుడు పడలేదు. స్వరములను ముందుగా ఒకదాని వెంట ఒకటి చెప్పవలెను; ఏ స్వరము ఎంతసేపు నిలువవలెనో, ఎక్కడ మౌనము పాటింపవలెనో తరువాత వేరుగా చెప్పవలెను; ఏది ఊని పలుకవలెనో, ఏది తరువాతి దానిలోనికి జారవలెనో మరల గుర్తింపవలెను. పద్యమునకు అక్షరములు ఒక కాగితము మీద, గణములు వేరొక కాగితము మీద వ్రాసి, రెంటిని కలిపి చదువుమన్నట్లుండును. తలచినది ఒకటి, పలికినది మరొకటి. 1984లో తయారీ నిలిపివేసినారు. అప్పటికి తయారైనవి సుమారు 10,000.

అట్లని ఆ పెట్టెకు సొంత గొంతు లేకపోలేదు. లోపల ధ్వనిని పుట్టించు భాగము ఒక్కటే. అది రంపపు పండ్ల ఆకారమునగాని చతురస్రాకారమునగాని తరంగమును పుట్టించును. తంబురా మీటినపుడు మీటిన స్వరముతో పాటు స్వయంభూ స్వరములు వినవచ్చునట్లు, రంపపు తరంగమునందును పై స్వరములు దట్టముగా నుండును. ఫిల్టరు అను వడపోత వానిని ఒక ఎత్తున కోసివేయును. ఆ ఎత్తును ఒక మర నిర్ణయించును. ప్రక్కనున్న రెజొనెన్సు అను మరను త్రిప్పినచో, కోతపడిన అంచుననున్న స్వరములు ఉబ్బి ముందుకు దూకును. మన నోరు చేయు పనియు ఇదియే. ఒకే శ్రుతిలో ‘ఊ’ యని మొదలిడి ‘ఆ’ మీదుగా ‘ఈ’ వరకు సాగదీసి చూడుడు: కంఠములోని స్వరము మారదు, నోటిలోని గుహ మారును, దానితో నాదపు రంగు మారును. ఈ రెండు మరలను కలిపి త్రిప్పునపుడు పెట్టె మూలుగును, కీచుమనును, బురదలో కాలు పెరికినట్లు చప్పరించును. బేస్ గిటారు కావలెనని కొన్నవానికి ఇది దోషము. వేరొక చెవికి ఇదియే గుణమైనది.

ఆ చెవి బొంబాయిలో నున్నది. చరణ్‌జీత్ సింగ్ హిందీ సినిమా వాద్యబృందములలో గిటారు, బేస్ గిటారు, ట్రాన్సికార్డు అను మీటల వాద్యము వాయించిన వ్యక్తి. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్ వంటి సంగీత దర్శకుల వద్ద పనిచేసినవాడు. ఆనాటి చలనచిత్ర గీతములలో గాయకుని పేరు, దర్శకుని పేరు, కవి పేరు రికార్డు మీద నుండును. వాయించినవారి పేర్లు సాధారణముగా ఉండవు. దేశమంతయు విన్న చేతులు, ఎవరికిని తెలియని పేర్లు. సింగ్ తన పేర రికార్డులు చేయకపోలేదు. అవియు చాలవరకు సినిమా వరుసలను వాద్యముపై పలికించినవే.

1980లో వచ్చిన ‘కుర్బానీ’ చిత్రముతో హిందీ సినిమాను డిస్కో ముంచివేసినది. ఆ వరదలోనే 1982లో సింగ్ ఒక విచిత్రమైన పనికి పూనుకొన్నారు. డిస్కో తాళమునే ఉంచి, తబలాను తొలగించి, సినిమా వరుసలకు బదులు హిందుస్తానీ రాగములను దాని మీద నడపవలెనని ఊహించినారు. కావలసిన యంత్రములను సింగపూరులో కొని తెచ్చుకొన్నారు. అవి మూడు, మూడును రోలాండువారివే. మొదటిది మన వెండిపెట్టె. రెండవది టి.ఆర్.-808 అను తాళయంత్రము, 1980లో వచ్చినది. పట్టి దాచిన డ్రమ్ము ధ్వనులు అందులో లేవు. ప్రతి దెబ్బను విద్యుత్తుతో అప్పటికప్పుడు కల్పించును. ముందువైపున పదునారు రంగు మీటలుండును. ఏ మీట నొక్కి ఉంచిన ఆ మెట్టు మీద దెబ్బ పడును. ఆదితాళమును రెండు కళలలో వేయు మనకును, తీన్‌తాల్ వేయు ఉత్తరాదివారికిని పదునారు అను లెక్క కొత్త కాదు. యంత్రము చేసినవారికి ఆ స్పృహ ఉండి యుండదు, అది వేరు సంగతి. మూడవది జూపిటర్-8. ఒకేసారి ఎనిమిది స్వరములు పలుకగల పెద్ద సింథసైజరు. ఐదు స్థాయిల మీటలు కలది, చేతితో వాయింపదగినది.

వేర్వేరు కంపెనీల యంత్రములు పరస్పరము మాటలాడుకొనుటకు ‘మిడి’ అను ఉమ్మడి భాష 1983లో గాని లోకమునకు రాలేదు. (ఆ భాష పుట్టుకకు పాటుపడినందుకు రోలాండు సంస్థాపకుడు ఇకుతారో కకెహాషికి, అమెరికా దేశీయుడు డేవ్ స్మిత్‌కు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారము లభించినది.) అంతకు ముందు ఒక పెట్టె నడకను మరొక పెట్టె అనుసరింపవలెనన్న, గడియారపు టిక్కుల వంటి విద్యుత్ స్పందనలను తీగ ద్వారా పంపుటయే మార్గము. 808 తాళము చెప్పును; 303 దాని వెంట నడచును; ఈ రెండును అలయకుండ సాగుచుండగా మనిషి రెండు చేతులును మూడవ యంత్రము మీద స్వేచ్ఛగా నుండును. ఈ ఏర్పాటులోనే ఆ రికార్డు రహస్యమున్నది.

‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అను ఆ రికార్డును హెచ్.ఎం.వి. వెలువరించినది. భైరవి, లలిత్, భూపాలీ, తోడి, మధువంతి, మేఘమల్హార్, యమన్, కళావతి, మాల్కౌంస్, బైరాగి అనునవి పది రాగములు. తెలుగు చెవికి ఇవి పరాయివి కావు. భూపాలీ స్వరములు మన మోహనవి; మాల్కౌంస్‌వి హిందోళవి; కళావతి మన వలజి; బైరాగి మన రేవతి; యమన్ వినగానే కల్యాణి జ్ఞప్తికి వచ్చును. ఉత్తరాది తోడి మాత్రము మన తోడి కాదు, శుభపంతువరాళికి చేరువైనది. పదింటిలో పలు రాగములు ఐదు స్వరములతో నడచునవి. మెట్ల వరుసలో రాగమును పొదుగబోవువానికి ఇది మేలైన ఎన్నిక.

పాశ్చాత్య నృత్యసంగీతమున బేస్ షడ్జమునుండి పంచమమునకు పోవుట ఒక అలవాటు. మాల్కౌంస్‌లో పంచమము లేదు, లలిత్‌లోను లేదు. అలవాటు చొప్పున పంచమమును పెట్టెలో ఉంచినచో తెల్లవారులు అది తప్పుగానే పలుకుచుండును. యంత్రమునకు నాలుక కరచుకొనుట తెలియదు. కనుక ఏ స్వరములను పెట్టెకు అప్పగింపవలెనో రాగమే శాసించును. హార్మనీ మార్పులు లేకుండ ఒకే ఆధారము మీద మంద్రమున తిరుగాడు ఈ వరుస తంబురా చేయు పనిని వేరొక వేషమున చేయుచున్నది. ఇది డిస్కోకు రాగమును అతికించుట కాదు. పరుగెత్తు తంబురాను కనిపెట్టుట.

మరి గమకము మాటేమి? పెద్దలు మొదట అడుగు ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్న. వెండిపెట్టెలో జారు ఉన్నది. కాని ఆ జారుడు, స్వరముల నడుమ దూరము ఎక్కువైనను తక్కువైనను, ఇంచుమించు ఒకే వ్యవధిలో ముగియును. గాయకుని జారు ఎక్కడ తడయవలెనో, ఏ స్వరమును తాకీ తాకక విడువవలెనో అతని ఇష్టము. పైగా ఈ మీటలు స్థాయిని పన్నెండు సమాన భాగములుగా కోసినవి. తోడిలోని గాంధారము మంచి కంఠమున ఒకింత దిగి పలుకును. మీటకు ఆ సంగతి తెలియదు. జూపిటర్-8లో ఎడమచేతి క్రింద స్వరమును వంచు మీట ఒకటి కలదు, కాని అది మీండ్‌కు మారుపేరు కాజాలదు. ఈ నింద కొత్తదియు కాదు. ఇదే కారణమున ఆకాశవాణి 1940లో హార్మోనియమును వెలివేసినది. 1971లో గాని ఆ ఆంక్ష సడలలేదు. ఆ ముప్పది యేండ్లలోను తెలుగునాట పద్యనాటకము హార్మోనియము లేక ఒక్క రాత్రి గడువలేదన్నది వేరే ముచ్చట.

ఆ రికార్డును రాగవిస్తారమని వినువానికి నిరాశ తప్పదు. సింగ్ కూడ దానిని అట్లు వినుమనలేదు. మరపురాని తాళమును, అలయని మంద్రమును పెట్టెలకు వదలి, రాగపు నడకను తన చేతిలో ఉంచుకొన్నారు. ఏది యంత్రమునకు ఈయవచ్చును, ఏది ఈయరాదు అను వివేకము అందులో స్పష్టముగా వినవచ్చును. దశాబ్దములు ఇతరుల పాటలకు బేస్ వాయించిన చేయి, ఆ బేస్ పనిని ఒక పెట్టెకు అప్పగించి తాను ముందుకు వచ్చి పాడినది.

ఎవరును వినలేదు. రికార్డు అమ్ముడుపోలేదు. భారతదేశమునకు సింథసైజరు అప్పుడే వచ్చినదను కొనుటయు సరికాదు. 1969లోనే అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికను సంగీతవేత్త డేవిడ్ ట్యూడర్ మూగ్ యంత్రమును నెలకొల్పినాడు. అక్కడ గీతా సారాభాయి మొదలైనవారు చేసిన ప్రయోగములు రికార్డుగా వెలువడుటకు 2023 వరకు వేచియుండవలసి వచ్చినది. ఈ మార్గమున నడచినవారికి మన దేశమున దక్కిన ఆదరణ ఆ తీరుగనున్నది.

ఇంతలో అమెరికాలో వెండిపెట్టెలు పాతసామానుల అంగళ్లకు చేరినవి. షికాగో నగరమున ఫ్యూచర్ అను పేర కూడిన ముగ్గురు నల్లజాతి యువకులు అట్టి దానినొకటి సంపాదించి, బేస్ గిటారు ఊసు మరచి, మరలు త్రిప్పుట మొదలుపెట్టినారు. వారి టేపును రాన్ హార్డీ అనునతడు ‘మ్యూజిక్ బాక్స్’ అను నృత్యశాలలో ఒకే రాత్రి పలుమార్లు వినిపించినాడు. మొదట జనము నేల విడిచి తొలగిరనియు, చివరిసారికి వెర్రెత్తి ఆడిరనియు చెప్పుదురు. 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ అను పేర అది రికార్డైనది. యాసిడ్ హౌస్ అను సంగీతశాఖకే పేరు పెట్టినది. అంగడిలో ఓడిన పెట్టె ధర ఆకాశమునకు ఎగసినది.

2002లో ఎడో బౌమన్ అను డచ్చి రికార్డుల సేకర్త ఢిల్లీలో సింగ్ రికార్డు ప్రతిని కనుగొన్నాడు. షికాగోకు ఐదేండ్ల ముందే ఆ మూలుగు, ఆ జారుడు బొంబాయిలో పుట్టియుండుట ఆయనను నివ్వెరపరచినది. 2010లో తన బాంబే కనెక్షన్ సంస్థ ద్వారా దానిని తిరిగి ప్రకటించినాడు. వెంటనే యాసిడ్ హౌస్‌ను కనిపెట్టినది భారతీయుడేయని పత్రికలు ఎత్తుకొన్నవి. ఈ గర్వము తొందరపాటు. షికాగో యువకులు ఈ రికార్డును విన్నారనుటకు ఆధారము లేదు. సింగ్ ఎన్నడును వారి సంగీతమునకు పూనుకొనలేదు. ఎవరు ముందన్న వాదులాటలో అసలు సంగతి మరుగున పడుచున్నది. తన రాగమునకు ఏమి కావలెనో తెలిసిన వాద్యకారుడొకడు, ఎవరికిని అక్కరలేని పెట్టెలో దానిని విన్నాడు. ఆయనకు ఆ ఖ్యాతి చాలును. అది దక్కుటకు 28 ఏండ్లు పట్టినది.

ఏడుపదుల వయసున చరణ్‌జీత్ సింగ్ ఐరోపా వేదికల మీద ఆ పది రాగములను మరల వాయించినారు. తన మనుమల యీడు యువజనము ఎదుట నిలిచి ఆడినది. 2015 జూలైలో ముంబయిలో ఆయన కన్నుమూసినారు. మరుసటి యేడు రోలాండువారు ఆ వెండిపెట్టెనే, మరల వరుసతో సహా, టి.బి.-03 అను పేర చిన్నదిగా చేసి తిరిగి అంగడికి తెచ్చినారు.