గురక ఆగిన వేళ - వైద్యానికి వెనకంజ

రాత్రి పదకొండు దాటింది. వరండాలో నులక మంచం మీద ఇంటాయన గురక వీధి మలుపు దాకా వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్క మంచం మీద భార్య లేచి కూర్చుంది. ఆయన పొట్ట ఎగిసిపడుతోంది గాని ముక్కులో గాలి ఆడడం లేదు. ఆమె మనసులో ఇరవై దాకా లెక్కపెట్టింది. అప్పుడు గొంతులోంచి పెద్ద చప్పుడుతో ఊపిరి అందుకుని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మళ్లీ గురక మొదలు. ఆమెకు మాత్రం ఇక నిద్ర లేదు. పొద్దున్నే సంగతి చెబితే, "నాకేం? సుబ్బరంగా నిద్రపోయాను" అని నవ్వేశాడు.

ఇలాంటి ఇల్లు మన ఊళ్లలో వెతుక్కోవలసిన పని లేదు. వైద్యులు దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని అరక్షణం లేపుతుంది. దారి తెరుచుకుంటుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. ఊపిరి కనీసం 10 సెకండ్లు ఆగితేనో, బాగా తగ్గితేనో లెక్కలోకి తీసుకుంటారు. గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పం. 15 నుంచి 30 దాకా మధ్యరకం. 30 దాటితే తీవ్రం. 30 అంటే రెండు నిమిషాలకోసారి. ఏడు గంటలు పడుకున్నవాడికి రాత్రికి 210 సార్లు ఇలా జరిగిందన్నమాట. తెల్లారాక అతనికి ఇందులో దాదాపు ఏదీ గుర్తుండదు.

చిక్కంతా అక్కడే ఉంది. కాలు విరిగితే నొప్పి చెబుతుంది. జ్వరం వస్తే ఒళ్లు చెబుతుంది. ఈ జబ్బును కళ్లారా చూసేది రోగి కాదు, పక్కనున్న మనిషి. ఆ మనిషి మాటకు ఇంట్లో విలువ ఉంటేనే రోగి డాక్టరు దగ్గరకు చేరతాడు.

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశంలో అంతకుముందు జరిగిన పరిశీలనలను కలిపి 2023లో ఒక అంచనా వేశారు. దాని ప్రకారం పెద్దవారిలో నూటికి 11 మందికి ఈ జబ్బు ఉంది. మగవారిలో 13 మందికి, ఆడవారిలో 5గురికి. గురక పెడతానని చెప్పుకోవడం ఆడవారికి నామోషీ. నీరసం, నిద్ర పట్టడం లేదు అంటారే తప్ప గురక మాట ఎత్తరు. ముట్లుడిగాక వారిలోనూ ఈ జబ్బు ఎక్కువవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

వేరే పద్దులో...

గురక పెట్టేవాళ్లందరికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. కానీ మన ఊళ్లలో గురక అంటే హాయైన నిద్రకు గుర్తు. అలసిపోయి పడుకున్నాడు, లేపకండి అంటారు. ఇక మిగతా లక్షణాలన్నీ వేరే పద్దులో రాసేస్తారు. పొద్దున్నే తలనొప్పి ఉంటే పైత్యం అంటారు. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేస్తే షుగరు అంటారు. పగలు పంచాయతీ అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీస్తే వయసు మీద పడిందంటారు. బీపీ మూడు రకాల బిళ్లలు వేసినా దిగకపోతే నాలుగోది రాయించుకుంటారే గాని, నిద్ర ఎలా ఉందని అడిగేవారు తక్కువ. ఈ జబ్బు ఉన్నవారిలో రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం ఎక్కువగా కనిపిస్తాయి.

లారీలు, ట్రాక్టర్లు నడిపేవారి సంగతి మరీ చిక్కు. స్టీరింగు మీద కునుకు ఎంత ప్రమాదమో వారికి తెలియనిది కాదు. కానీ జబ్బు కాగితం మీదకు ఎక్కితే ఓనరు బండి ఇవ్వడేమోనని భయం. అందుకని దారిలో టీలు తాగి నెట్టుకొస్తారు.

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీలహరి మరణించినప్పుడు, ఆయనకు చికిత్స చేసిన వైద్యులు ఈ జబ్బు పేరే చెప్పారు. 1986లో 'సింహాసనం', 1991లో 'గ్యాంగ్ లీడర్' పాటలు విన్న తరం అప్పుడు మొదటిసారి ఆ పేరు విన్నది. నాలుగు రోజులు మాట్లాడుకుని మరిచిపోయింది.

బర్రెల పాలు ఎవరు పిండాలి?

డాక్టరు దాకా వెళ్లినవారిలోనూ కొందరు పరీక్ష దగ్గర ఆగిపోతారు. ఒంటికి తీగలు అంటించుకుని ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోవాలి. పట్నం వెళ్లాలి, డబ్బు కట్టాలి. తెల్లవారుజామున బర్రెల పాలు పిండేదెవరన్న ప్రశ్న వస్తుంది. కోతలయ్యాక చూద్దాం అంటారు. కోతలయ్యాక పెళ్లిళ్లు. ఇంట్లోనే పడుకుని చేసుకునే చిన్న పరీక్ష కూడా వచ్చింది. చాలామందికి అది సరిపోతుంది. ఆ సంగతి అడిగి తెలుసుకునేవారు కొద్దిమందే.

పరీక్ష గట్టెక్కితే యంత్రం. దాని పేరు సీప్యాప్. ముక్కుకు మాస్కు తగిలించి, గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపి, గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు తన బృందంతో దీనిని తయారుచేసి 1981లో లోకానికి వెల్లడించాడు. అంతకుముందు జబ్బు ముదిరినవారికి గొంతుకు రంధ్రం చేయడమే గట్టి వైద్యం. ఆ రోజులతో పోలిస్తే ముక్కు మాస్కు ఎంతో నయం. కానీ మన ఇళ్లలో ఆ పోలిక ఎవరికీ గుర్తుకు రాదు. గుర్తుకొచ్చేది 2021 కరోనా. మాస్కు పెట్టుకుని మంచాన పడుకున్న మనిషిని చూస్తే ఇరుగుపొరుగు "ఆక్సిజన్ మీద ఉన్నాడట" అని పరామర్శకు వస్తారు. ఇది ఆక్సిజన్ కాదు, వట్టి గాలి అని ఎంతమందికి చెప్పగలరు? పిల్లకు సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే యంత్రం అటక ఎక్కినట్టే.

ఖరీదు మాట చిన్నది కాదు. పదుల వేల రూపాయలు పెట్టి కొన్నాక, అది జబ్బును కుదిర్చే మందు కాదని, పెట్టుకున్న రాత్రే పనిచేస్తుందని తెలిసి కొందరు ఉసూరుమంటారు. కళ్లజోడు కూడా అంతే కదా అంటే కాస్త ఆలోచిస్తారు. కరెంటు పోతే ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఇన్వర్టరు ఉంటే నడుస్తుంది. లేకపోతే మాస్కు తీసి పడుకోవాలి. ఆ రాత్రికి పాత గురకే.

మొదటి రెండు వారాలు గండం. ముక్కు ఎండిపోతుంది, మాస్కు ఒరుస్తుంది, పక్కలనుంచి గాలి కారి కళ్లకు తగులుతుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. కొలత సరిపోని మాస్కును మార్చుకోవచ్చని, గాలికి తేమ కలిపే ఏర్పాటు ఉందని అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు అడగడు. పగలు టీవీ చూస్తూ ఓ గంట పెట్టుకుని అలవాటు చేసుకున్నవారికి రాత్రి తేలిక. రాత్రికి కనీసం నాలుగు గంటలైనా వాడకం ఉండాలని వైద్యులు లెక్క చూస్తారు. 2016లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో, అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,700 మందికి పైగా రోగులను గమనించారు. యంత్రం వల్ల కొత్త గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు కనబడలేదు. అయితే వారు సగటున వాడింది రాత్రికి 3.3 గంటలే. పగటి కునుకు మాత్రం వారిలోనూ తగ్గింది.

అందరికీ యంత్రమే దిక్కు అనడం కూడా సరికాదు. ఒళ్లు తగ్గితే చాలామందికి జబ్బు తగ్గుతుంది. స్వల్పంగా ఉన్నవారికి పక్కకు తిరిగి పడుకోవడం, దంతవైద్యులు చేసిచ్చే నోటి అచ్చు పనికొస్తాయి. రాత్రి మందు కొట్టి పడుకుంటే, డాక్టరును అడక్కుండా నిద్రమాత్ర వేసుకుంటే గొంతు మరింత వదులవుతుంది. ఆపరేషనుకు వెళ్లేవారు ఈ జబ్బు సంగతి మత్తు డాక్టరుకు ముందుగా చెప్పి తీరాలి. చెవిలో నూనె, ముక్కులో చుక్కలతో నెలలు గడిపేవారికి పోయేది కాలమే.

పట్నం ఆస్పత్రుల్లో ఒక దృశ్యం మామూలే. మగవాడు చీటీ పట్టుకుని లోపలికి వెళతాడు. భార్య బయట బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. లోపల డాక్టరు "నిద్ర ఎలా పడుతోంది?" అంటాడు. "బ్రహ్మాండంగా" అంటాడు ఇతను. రాత్రుళ్లు ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో, ఎంతసేపు ఆగుతోందో, ఏ పక్కకు తిరిగితే నయమో తెలిసిన మనిషి తలుపు అవతలే ఉంటుంది. కొందరు డాక్టర్లు ఆమెను లోపలికి పిలుస్తారు. కొడుకు సెల్‌ఫోనులో రెండు నిమిషాల గురక పట్టి తెచ్చిన రోజున, తన ఊపిరి ఆగడం తానే విని, ఆయన మొదటిసారి నోరు మెదపకుండా కూర్చుంటాడు.