క్రాక్ ఆటోక్యాడ్ వేసుకున్నాడు.. తెల్లారేసరికి ఫైళ్లన్నీ లాక్

తిరుమలగిరిలో ఇంటి ప్లాన్లు గీసే మా ఖాలా కొడుకు ఆ మధ్య దోస్తు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో కొత్త ఆటోక్యాడ్ వేసుకున్నాడు. తెల్లారి చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఫోల్డర్లలో ఇంగ్లిష్‌లో ఒక చిట్టీ ఉంది. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో కడితే సగమే అని. అడ్వాన్స్ తీసుకున్న నాలుగిళ్ల ప్లాన్లు, సౌదీ ఉద్యోగం కోసం స్కాన్ చేసుకున్న సర్టిఫికెట్లు, వాళ్ల అబ్బా పాస్‌పోర్ట్ కాపీ అన్నీ అందులోనే ఉన్నాయి. "భాయ్, నువ్వు వార్తలు రాస్తవ్ గదా, ఏమన్నా చెయ్యరాదు" అని ఫోన్ చేశాడు.

నేను బీకాం వాణ్ని, క్యాడ్ నాకు రాదు. కానీ తెలిసినవాళ్లను అడిగితే విషయం తొందరగానే అర్థమైంది. అసలు సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు లైసెన్స్ ఉందా లేదా అని చూసుకుంటుంది. క్రాక్ అంటే ఆ చూసుకునే భాగాన్ని చెడగొట్టే చిన్న ప్రోగ్రామ్. అది పనిచేయాలంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇవ్వాలి. యాంటీవైరస్ పట్టుకుంటుంది కాబట్టి ముందు దాన్ని ఆపేయమంటారు. అంటే కాపలావాణ్ని ఇంటికి పంపి, ముఖం తెలియనోడికి తాళంచెవి ఇచ్చినట్టు. తయారు చేసినవాడికి పేరు లేదు, ఊరు లేదు.

వీడి ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది స్టాప్ డీజేవీయూ రకం. ఇది ఎక్కువగా క్రాక్‌ల ద్వారానే ఇళ్లలోకి వచ్చింది. ఎమ్సీసాఫ్ట్ అనే కంపెనీ 2019 అక్టోబర్‌లో దీని 148 రకాలకు ఉచితంగా విరుగుడు ఇచ్చింది కానీ తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి అది పనిచేయదు. మావాడికీ పనిచేయలేదు. కస్టమర్ల ఇళ్లకు పోయి, తానిచ్చిన ప్రింట్లు అడిగి తెచ్చుకుని, రాత్రులు కూర్చుని మళ్లీ గీశాడు. డబ్బు మాత్రం కట్టనివ్వలేదు నేను. కట్టినా తాళం తీస్తారని గ్యారంటీ ఏంటి?

లాక్ అయితే కనీసం తెలుస్తుంది. చప్పుడు లేకుండా దోచేవి ఇంకా చెడ్డవి. 2012లో పెరూ దేశంలో ఆటోక్యాడ్ వైరస్ ఒకటి బయటపడింది. డ్రాయింగ్ ఫోల్డర్‌లో చిన్న ఫైలుగా చేరి, తెరిచిన ప్రతి డ్రాయింగ్‌ను చైనాలోని ఈమెయిళ్లకు పంపింది. వేల డ్రాయింగులు పోయాయి. అది క్రాక్‌తో రాలేదు, ఒకరికొకరు పంపుకున్న ఫోల్డర్లతో వచ్చింది. ఆ తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో అడ్డుకట్టలు పెట్టింది. అప్‌డేట్ ఆపేసిన క్రాక్ కాపీకి మాత్రం కొత్త రక్షణలు అందవు.

చట్టం సంగతీ చూడాలి. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జుర్మానా. సంపాదన కోసం కాకుండా వాడినవాళ్లకు కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జుర్మానాతో వదలొచ్చు. ప్లాన్‌కు ఇంత అని తీసుకునేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. 'చిన్న ఊరు, ఎవరు చూస్తారు' అనుకుంటాం కానీ, ఇంటర్నెట్‌కు కలిసిన సాఫ్ట్‌వేర్ తన కాపీ అసలుదో కాదో కంపెనీకి చెప్పగలదు.

మరి పిల్లలు ఎట్లా నేర్చుకోవాలి? డిప్లొమా, బీటెక్ చదివేవాళ్లకు ఆటోడెస్క్ ఏడాది పాటు ఉచితంగా ఇస్తుంది, చదువు ఉన్నంతకాలం ఏటేటా పొడిగించుకోవచ్చు. కాలేజీ ఐడీ చాలు. స్టాడ్ కంపెనీ బెంట్లీకి కూడా విద్యార్థుల పథకం ఉంది. వీటితో నేర్చుకోవచ్చు, డబ్బులకు ప్లాన్లు గీయొద్దు. సంపాదనకైతే లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం. లిబ్రేక్యాడ్‌లో త్రీడీ లేదు, డీడబ్ల్యూజీలో సేవ్ చేయలేం, డీఎక్స్ఎఫ్‌లో ఇవ్వాలి. గల్ఫ్‌లో ఆటోక్యాడే అడుగుతారు నిజమే, అది కావాలంటే పనున్న నెలకే చందా కట్టుకోవచ్చు.

మావాడు ఇప్పుడు మామూలు ఇళ్ల ప్లాన్లు లిబ్రేక్యాడ్‌లో గీస్తున్నాడు. ప్రతి శుక్రవారం జుమాకు పోయేముందు ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెడతాడు.