కెమెరా దుకాణం నుండి నగర పాలకమండలికి: హార్వీ మిల్క్ మూడు ఎన్నికలు - వార్డు విభజన పాత్ర

వ్యాససంగ్రహం

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో కెమెరా దుకాణం నడిపిన హార్వీ మిల్క్ 1973, 1975, 1977 సంవత్సరాలలో నగర పాలకమండలికి మూడుమార్లు పోటీ చేసి, మూడవసారి గెలిచాడు. ఈ విజయాన్ని సాధారణంగా అస్తిత్వ ఉద్యమ చరిత్రలో ఒక ఘట్టంగా పరిగణిస్తారు. వీధి దుకాణదారుడిగా అతడు కూడగట్టిన బలం ఎటువంటిదో, ఆ బలం ఒక ఎన్నికల పద్ధతిలో ఎందుకు చాలలేదో, మరొక పద్ధతిలో ఎలా సరిపోయిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: హార్వీ మిల్క్, నగర పాలకమండలి, నగరవ్యాప్త ఎన్నిక, వార్డు విభజన, చిరువ్యాపారి, ప్రాతినిధ్యం.

ఉపోద్ఘాతం

అస్తిత్వవాద ఉద్యమాలను అధ్యయనం చేసేవారికి హార్వీ మిల్క్ (1930-1978) పేరు పరిచితమే. స్వలింగాసక్తుడినని బహిరంగంగా ప్రకటించుకొని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఎన్నికైన తొలి ప్రజాప్రతినిధి అతడు. రాండీ షిల్ట్స్ 1982లో ప్రచురించిన జీవితచరిత్ర, 2008లో వెలువడిన 'మిల్క్' చలనచిత్రం అతని కథను ప్రపంచానికి చేరవేశాయి. ఈ రెండింటిలోనూ దుకాణం కనిపిస్తుంది. కాని వాటిపై వచ్చే చర్చల్లో అది కేవలం నేపథ్యంగా మిగిలిపోతుంది. ఒక మనిషి కౌంటరు వెనుక నిలబడి ఐదేళ్లపాటు చేసిన పని అతని ఉపన్యాసాలకంటే తక్కువ రాజకీయమైనదన్నట్లుగా ఈ ఉపేక్ష సాగింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో నగరం, కౌంటీ ఒకే పాలనా విభాగం. అందువల్ల అక్కడి నగర పాలకమండలిని 'బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్' అంటారు. ఇందులో 11 మంది సభ్యులు. మేయరును ప్రజలు వేరుగా ఎన్నుకుంటారు. ఈ వ్యాసంలో 'సభ్యుడు' అన్నచోట సూపర్‌వైజర్ అని గ్రహించాలి.

వీధి, దుకాణం

మిల్క్ కుటుంబానికి వ్యాపారం కొత్త కాదు. లిథువేనియా నుండి వలస వచ్చిన అతని తాత న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్‌లో పెద్ద దుకాణం స్థాపించాడు. మనవడు నౌకాదళంలో, పాఠశాలలో, బీమా సంస్థలో, వాల్‌స్ట్రీట్ కంపెనీలో పనిచేసి, ఎక్కడా స్థిరపడలేదు. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, మరుసటి సంవత్సరం సహచరుడు స్కాట్ స్మిత్‌తో కలిసి చేతిలో మిగిలిన సొమ్ముతో కాస్ట్రో వీధిలో 575వ నంబరు భవనంలో 'కాస్ట్రో కెమెరా' తెరిచాడు. ఫోటోగ్రఫీలో అతనికి ప్రత్యేక నైపుణ్యమేమీ లేదు.

ఆ ప్రాంతం అప్పుడు మార్పులో ఉంది. ఐరిష్ కేథలిక్ శ్రామిక కుటుంబాలు శివార్లకు తరలిపోతున్నాయి. ఖాళీ అవుతున్న పాత విక్టోరియన్ ఇళ్లలోకి దేశం నలుమూలల నుండి గే యువకులు వస్తున్నారు. పాత వర్తకులకు ఈ కొత్తవారు రుచించలేదు. ఇద్దరు గే వ్యాపారులు పురాతన వస్తువుల దుకాణం పెట్టుకోవడానికి లైసెన్సు కోరినప్పుడు అక్కడి వర్తక సంఘం అడ్డుపడే ప్రయత్నం చేసింది. దానికి ప్రతిగా మిల్క్, మరికొందరు దుకాణదారులు 'కాస్ట్రో విలేజ్ అసోసియేషన్' ఏర్పాటు చేశారు. 1974 ఆగస్టులో ఆ సంఘం నిర్వహించిన వీధి సంతకు 5,000 మందికి పైగా వచ్చారు. వ్యతిరేకించిన పాత వర్తకులలో కొందరికి కూడా ఆ రోజు అంతకు ముందెన్నడూ లేనంత అమ్మకం జరిగింది. సిద్ధాంత చర్చ సాధించలేని రాజీని గల్లాపెట్టె సాధించిందన్నమాట. మిల్క్ రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంఘటన చాలా దూరం ఉపకరిస్తుంది.

అదే కాలంలో లారీ డ్రైవర్ల కార్మిక సంఘం తమతో ఒప్పందం కుదుర్చుకోని బీరు పంపిణీదారులపై బహిష్కరణకు పిలుపునిచ్చి మిల్క్ సాయం కోరింది. అతడు బార్ల చుట్టూ తిరిగి ఆ బీరు అమ్మవద్దని ఒప్పించాడు. అరబ్, చైనీస్ కిరాణా వర్తకులు కూడా కలిసి రావడంతో బహిష్కరణ ఫలించింది. మిల్క్ ప్రతిఫలంగా కోరినది ఒక్కటే: గే యువకులకు డ్రైవర్ ఉద్యోగాలలో చోటు. వర్తకులు, కార్మిక సంఘం ఒకే పక్షాన నిలిచిన ఈ అరుదైన పొత్తు తరువాతి ఎన్నికల్లో అతనికి అండ అయింది.

వంద డాలర్ల తగాదా

మిల్క్ తొలి పోటీకి కారణాలుగా అతని జీవితచరిత్రలలో మూడు విషయాలు ప్రస్తావనకు వస్తాయి. వాటర్‌గేట్ విచారణలో పెద్దలు తప్పించుకునే జవాబులు చెప్పడం టెలివిజన్‌లో చూసి కలిగిన ఆగ్రహం వాటిలో ఒకటి. పాఠశాలలో ప్రొజెక్టర్లు పాడైపోయాయని ఒక ఉపాధ్యాయురాలు దుకాణానికి వచ్చి ప్రొజెక్టరు అరువు అడగడం రెండవది. మూడవది అన్నిటికంటే చిన్నదిగా కనిపిస్తుంది. అమ్మకపు పన్ను నిమిత్తం 100 డాలర్లు ధరావతు కట్టాలని రాష్ట్ర ఉద్యోగి దుకాణానికి వచ్చి అడిగాడు. మిల్క్ అతనితో గొడవపడి, వారాల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి, ఆ మొత్తాన్ని 30 డాలర్లకు తగ్గించుకున్నాడు.

ఈ మూడింటిలో రెండు దుకాణం గడపలోనే జరిగాయి. పన్ను ఉద్యోగి, పాఠశాల ఉపాధ్యాయురాలు, ఇద్దరూ ప్రభుత్వం తాలూకు మనుషులే. ఒకరు అడిగి పుచ్చుకోవడానికి వచ్చారు, మరొకరు ప్రభుత్వం ఇవ్వలేనిదాన్ని అడగడానికి వచ్చారు. పన్ను ఎటు పోతున్నదన్న ప్రశ్న చిరువ్యాపారికి పుస్తకాల ద్వారా కాక ఇలా ఎదురవుతుంది.

1973 ఎన్నికలో అభ్యర్థులు 32 మంది. పొడవాటి జుట్టు ముడివేసుకున్న ఈ కొత్త దుకాణదారుడిని నగరంలోని స్థిరపడిన గే నాయకులే ఆమోదించలేదు. వరుసలో నిలబడి వంతు కోసం వేచి ఉండాలన్నది వారి వైఖరి. మిల్క్‌కు 16,900 ఓట్లు వచ్చాయి. కాస్ట్రో ప్రాంతంలో అతడే ముందున్నాడు. నగరం మొత్తం మీద మాత్రం పదవ స్థానం. 1975లో జుట్టు కత్తిరించి, సూటు తొడిగి, కార్మిక సంఘాల మద్దతుతో మళ్లీ నిలిచాడు. ఈసారి ఆరు స్థానాలకు పోటీ జరగగా అతడు ఏడవవాడయ్యాడు.

సొంత ప్రాంతంలో ముందున్నా ఓటమి ఎలా?

వార్డు ఎన్నికలకు అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఈ ఓటమి వెంటనే బోధపడదు. భారత రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణం ప్రకారం పురపాలక స్థానాలన్నీ వార్డులు అనే ప్రాదేశిక నియోజకవర్గాల నుండి ప్రత్యక్ష ఎన్నిక ద్వారా భర్తీ కావాలి. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ సవరణ దీన్ని దేశమంతటికీ నియమం చేసింది. హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు 2009, 2016, 2020 సంవత్సరాలలో జరిగిన ఎన్నికల్లో 150 వార్డులు ఉండేవి. ఓటరుకు ఒకే వార్డు, ఒకే ఓటు, ఒకే కార్పొరేటరు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో నాడు వార్డులు లేవు. నగరమంతా ఒకే నియోజకవర్గం. ఎన్ని స్థానాలు ఖాళీ అయితే ప్రతి ఓటరూ అందరు అభ్యర్థులకు ఓటు వేయవచ్చు. ఎక్కువ ఓట్లు వచ్చినవారు వరుసగా ఆ స్థానాలు పొందుతారు. దీన్ని నగరవ్యాప్త ఎన్నిక అనవచ్చు. ఈ పద్ధతిలో అభ్యర్థి నగరం నలుమూలలా తెలిసి ఉండాలి. అందుకు ప్రకటనలు కావాలి, ప్రకటనలకు డబ్బు కావాలి. డబ్బు నగర కేంద్రంలోని పెద్ద సంస్థల వద్ద, స్థిరాస్తి వ్యాపారుల వద్ద ఉంటుంది.

దుకాణదారుని పలుకుబడి స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. అది లోతుగా ఉంటుంది కాని విస్తరించదు. ఫిల్ము కొనడానికి వచ్చినవాడు పాత సోఫాలో కూర్చొని ఇంటి అద్దె గురించి, పోలీసుల గురించి మాట్లాడి వెళ్తాడు. నాలుగు వీధుల అవతల ఉన్నవాడికి ఆ దుకాణం ఉన్నదనే తెలియదు. రచ్చబండ మీద సంపాదించిన మాట విలువ ఆ ఊరి పొలిమేర దాటి చెల్లనట్లే ఇదీ. నగరవ్యాప్త పద్ధతి విస్తృతిని కొలుస్తుంది, లోతును కొలవదు. మిల్క్ ఓటమిలో గే అభ్యర్థి పట్ల వివక్ష పాత్ర లేదనడం సరికాదు. అయితే ఆ కాలంలో నల్లజాతి, చైనీస్ పేటల అభ్యర్థులకూ ఇదే గోడ అడ్డం వచ్చిందన్నది మరువరాదు.

మిల్క్ ఈ విషయాన్ని మొదటి ఎన్నికలోనే గుర్తించాడు. వార్డులవారీ ఎన్నిక కావాలన్నది 1973 నాటి అతని ప్రచారాంశాలలో ఒకటి. 1976లో మేయర్ జార్జ్ మాస్కోని అతన్ని లైసెన్సులపై అప్పీళ్లు వినే బోర్డులో నియమించాడు. రాష్ట్ర శాసనసభకు పోటీ చేయబోతున్నానని మిల్క్ ప్రకటించడంతో ఐదు వారాలకే ఆ పదవి పోయింది. శాసనసభ ఎన్నికలో ఆర్ట్ ఆగ్నోస్ చేతిలో 4,000 లోపు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అయితే అదే ఏడాది నవంబరులో పేటల సంఘాల ఒత్తిడితో వచ్చిన ప్రతిపాదనను నగర ఓటర్లు ఆమోదించి నగరాన్ని 11 డిస్ట్రిక్టులుగా విభజించారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, మన వార్డుకు సమానమైన విభాగం. మరుసటి ఆగస్టులో దీన్ని రద్దు చేయించే ప్రయత్నం జరిగి విఫలమైంది.

1977 నవంబరు 8

కాస్ట్రో ప్రాంతం 5వ డిస్ట్రిక్టులోకి వచ్చింది. అక్కడ 17 మంది పోటీ పడ్డారు. దుకాణమే ప్రచార కార్యాలయం అయింది. మిల్క్ దాదాపు 30 శాతం ఓట్లతో గెలిచాడు. నగరంలో పదకొండవ వంతు ప్రాంతంలో, 17 మంది మధ్య చీలిన ఓట్లలో 30 శాతమంటే, 1973లో అతడు ఓడినప్పుడు వచ్చిన ఓట్లకంటే చాలా తక్కువ. ఎక్కువ ఓట్లతో ఓడి తక్కువ ఓట్లతో గెలవడమన్న ఈ వైచిత్రి అభ్యర్థి మారడం వల్ల కలగలేదు. ఓట్లు లెక్కించే సరిహద్దు మారింది.

గీత మార్చినది ఒక్క మిల్క్ తలరాతనే కాదు. అదే ఎన్నికలో చైనీస్ సంతతికి చెందిన గోర్డన్ లావ్, నల్లజాతి మహిళ ఎల్లా హిల్ హచ్, ఒంటరి తల్లి కారొల్ రూత్ సిల్వర్ గెలిచారు. నగరం దక్షిణ భాగంలోని సంప్రదాయ శ్వేత శ్రామిక పేటల నుండి మాజీ పోలీసు, అగ్నిమాపక ఉద్యోగి డాన్ వైట్ కూడా ఇదే పద్ధతిలో వచ్చాడు. వార్డు విభజనను స్వతహాగా ప్రగతిశీలమైనదిగా భావించేవారు ఈ పేరును దాటవేయడం కనిపిస్తుంది. వార్డు ఏ పేటలో ఏ గొంతు ఉంటే దాన్నే సభకు పంపుతుంది.

పదవి, పొట్టకూటి సమస్య

1978 జనవరి 9న మిల్క్ ప్రమాణస్వీకారం చేశాడు. లైంగిక ధోరణి కారణంగా ఉద్యోగంలో, ఇంటి అద్దెలో వివక్ష చూపరాదన్న శాసనాన్ని ప్రతిపాదించి, 10-1 ఓట్లతో నెగ్గించుకున్నాడు. వ్యతిరేక ఓటు వైట్‌ది. కుక్కల యజమానులు వాటి మలాన్ని తామే తొలగించాలన్న మరో శాసనం అతనికి నగరమంతటా పేరు తెచ్చింది. వీధి అరుగు శుభ్రంగా లేకపోతే గిరాకీ రాదన్నది దుకాణదారుడికి ఒకరు చెప్పవలసిన విషయం కాదు.

సభ్యుని జీతం ఏడాదికి 9,600 డాలర్లు. అది పూర్తికాల పనికి సరిపోయే జీతం కాదు. మన పురపాలక సభ్యులకిచ్చే 'గౌరవవేతనం' అన్న మాటలోనూ ఇదే భావన దాగి ఉంది: గౌరవమే అసలు ప్రతిఫలం, వేతనం నామమాత్రం. వేరే ఆదాయం ఉన్నవారికే ఇటువంటి పదవి అందుబాటులో ఉంటుంది. మిల్క్ రాజకీయాల్లో మునిగేకొద్దీ కెమెరా వ్యాపారం క్షీణించింది. కాస్ట్రో వీధి ప్రసిద్ధమయ్యేకొద్దీ అక్కడి అద్దెలు పెరిగాయి. 1978లో అద్దె భరించలేక దుకాణాన్ని మార్కెట్ వీధికి మార్చవలసి వచ్చింది. ఒక వీధికి విలువ తెచ్చిన చిరువ్యాపారిని ఆ విలువే వీధి నుండి తరిమివేసింది. ఇళ్లను కొని వెంటనే లాభానికి అమ్మేవారిపై పన్ను వేయాలని అతడు ప్రతిపాదించడంలో ఈ అనుభవం ఎంతో కొంత ఉండక తప్పదు.

డాన్ వైట్ ఇబ్బంది మరీ తీవ్రమైనది. రెండు నగర ఉద్యోగాలు ఏకకాలంలో చేయరాదన్న నిబంధన వల్ల అతడు అగ్నిమాపక ఉద్యోగం వదులుకున్నాడు. కుటుంబ పోషణకు రేవులోని 39వ పియర్‌లో బంగాళాదుంపల వంటకాలు అమ్మే చిన్న దుకాణం పెట్టాడు. అది చాలలేదు. జీతం సరిపోవడం లేదంటూ 1978 నవంబరు 10న రాజీనామా చేసి, కొద్ది రోజులకే తిరిగి నియమించమని మేయరును కోరాడు. నియమించవద్దని మిల్క్ వాదించాడు. మాస్కోని నిరాకరించాడు. నవంబరు 27న వైట్ నగర సభాభవనంలోకి తుపాకీతో ప్రవేశించి మాస్కోనిని, తరువాత మిల్క్‌ను కాల్చి చంపాడు. ఆ నేరానికి జీతం కారణమని ఎవరూ వాదించలేరు. కాని ఆ రాజీనామా లేఖ వెనుక ఉన్న లెక్కలు దుకాణం నడుపుతూ సభలో కూర్చున్న ఏ చిరువ్యాపారికైనా తెలిసినవే.

గీత చెరిగి, మళ్లీ పడిన తీరు

హత్యల అనంతరం మేయరైన డయాన్ ఫైన్‌స్టైన్ మిల్క్ స్థానంలో హ్యారీ బ్రిట్‌ను నియమించింది. 1980 ఆగస్టులో జరిగిన ప్రత్యేక ఎన్నికలో ఓటర్లు డిస్ట్రిక్టు పద్ధతిని రద్దు చేసి నగరవ్యాప్త ఎన్నికను పునరుద్ధరించారు. ఆ తరువాత రెండు దశాబ్దాలపాటు సభ్యులు నగరమంతటి ఓట్లతోనే ఎన్నికయ్యారు. 1996లో ఓటర్లు మరోసారి మనసు మార్చుకున్నారు. 2000 సంవత్సరపు ఎన్నికల నుండి 11 డిస్ట్రిక్టులు తిరిగి అమలులోకి వచ్చాయి. భారతదేశంలో వార్డు ఉండాలా వద్దా అన్నది రాజ్యాంగమే తేల్చివేసింది. వార్డు గీత ఎక్కడ పడాలన్నది రాష్ట్ర శాసనాల పరిధిలోనిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం ఆ గీత ఉండాలా వద్దా అన్న ప్రశ్నపై 1976 నుండి 1996 వరకు ఓటర్లు పలుమార్లు స్వయంగా ఓటు వేశారు.