గండికోట గట్టున ఒక రాత్రి

మిడుతూరు ప్రాంతమునకు చేరువనే పోతిరెడ్డిపాడు కలదు. శ్రీశైలము జలాశయపు నీరు అచ్చట తూముల తలుపులు దాటి కాలువలోనికి వచ్చును. అందులో కొంత నీరు బనకచర్ల మీదుగా సాగి, గోరకల్లు, అవుకు జలాశయములను నింపి, కడప జిల్లాలోని గండికోట జలాశయమున పెన్నానదిని కలియుచున్నది. మన ఊళ్ల పక్కగా సాగిపోవు కృష్ణ నీరు చేరు ఆ చోటికి మనమును ఒకమారు పోయివచ్చిన ఎట్లుండును? పలువురు పిల్లలతో, మిత్రులతో గండికోటకు పోయి, గుడారము వేసికొని ఒక రాత్రి గడిపి వచ్చుచున్నారు. అట్టి ప్రయాణమునకు పూర్వము ఆలోచింపవలసిన సంగతులు కొన్ని మనవి చేసెదను.

చెరువుకట్ట తెగినచో గండి పడినదందుము. ఎర్రమల కొండలకు పెన్న పెట్టిన గండియే ఈ గండి. దానిపైన కట్టినది గండికోట. అచ్చటి రాయి నూరు కోట్ల సంవత్సరములకు పైబడినది. ఒకనాటి లోతు తక్కువ సముద్రపు ఇసుక పొరలు పొరలుగా పేరుకొని, గట్టిపడి, నేటి ఎర్రని రాయి అయినది. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ శిలకు గండికోట పేరే పెట్టిరి. ఈ రాయి మిక్కిలి గట్టిది, కాని అడ్డముగను నిలువుగను బీటలు కలది. నది అడుగున కోసికొనిపోవుచుండగా, పైనున్న రాళ్లు ఆ బీటల వెంబడి పలకలుగా విడిపోయి పడినవి. కనుకనే లోయ గోడలు ఎవరో రాళ్లు పేర్చి కట్టినట్లు కనిపించును.

ఈ మాట వినోదమునకై చెప్పుట లేదు. సున్నము లేక పేర్చిన గోడ అంచున ఎవరును కూర్చుండరు గదా! లోయ అంచు అట్టిదే. బండ నిలకడగా కనిపించినను, దానికి వెనుక నున్న బండకు నడుమ చీలిక ఉండవచ్చును. చాలచోట్ల కటకటాలు లేవు. కావున పగటివేళ చేరుకొని, వెలుతురుండగానే గుడారమునకు చోటు చూచుకొనవలెను. అంచునకు కనీసము యాభై అడుగులు ఎడముగా ఉండుట మేలు. చీకటి పడిన తరువాత పిల్లలను ఒంటరిగా కదలనీయరాదు. ప్రతి మనిషికి ఒక టార్చిలైటు ఉండవలెను. రాతినేలలో మేకులు దిగవు. త్రాళ్లను పెద్ద రాళ్లకు కట్టుటకు వీలుగా కొంత మోకు అదనముగా తీసికొని పోవలెను. రాత్రి గాలి బలముగా వీచును.

అంచు భయము వలన కొందరు క్రిందికి దిగి నది ఇసుకలో పడుకొనుట మేలని తలంతురు. అది అంతకన్న ప్రమాదము. గండికి ఎగువన గండికోట జలాశయము, దిగువన మైలవరము జలాశయము కలవు. ఎగువ తలుపులు తెరచినచో నీరు పెరుగును. మన తలపై చుక్కలు మెరయుచున్నను, ఎగువ ఎక్కడనో కురిసిన వాన నదిని నింపవచ్చును. 2021 నవంబరు 19న ఈ కడప జిల్లాలోనే, పెన్నకు ఉపనదియైన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు తెగి, దిగువ పల్లెల వారు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లలో ఉన్నవారికే తప్పించుకొనుట కష్టమైనపుడు, ఇసుకలో నిద్రించువాని గతి చెప్పనేల? నదిని పైనుండి చూచుట, పైననే నిద్రించుట ఉత్తమము.

నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు వాతావరణము చల్లగా ఉండును. అయినను నవంబరు, డిసెంబరు తుఫానుల మాసములు. బయలుదేరుటకు ముందు రేడియోలో వాతావరణ సూచన వినవలెను. వాయుగుండము ఉన్నదన్నచో ప్రయాణము వాయిదా వేయుట పిరికితనము కాదు. ఏప్రిలు, మే నెలలలో ఆ రాతినేల పెనమువలె కాగును.

త్రాగునీరు మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండ వెంట ఉండవలెను. లోయలో నీరు కనబడుచున్నదని ధీమా పడరాదు. కోట కట్టినవారును క్రింది నదినే నమ్ముకొనలేదు. పైననే రాయల చెరువును, కోనేటిని ఏర్పరచుకొనిరి. జొన్నరొట్టెలు, పొడులు, పులిహోర మరునాటికి చెడవు. ఎండుగడ్డి దగ్గర నిప్పు రాజవేయరాదు. తేళ్లుండు చోటు గనుక ఉదయము చెప్పులు దులిపి తొడుగుకొనవలెను. తెచ్చిన కాగితములు, సీసాలు తిరిగి మూటగట్టుకొని రావలెను.

నంద్యాల నుండి కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగునకు రోడ్డు కలదు. 2016లో ప్రారంభమైన నంద్యాల - ఎర్రగుంట్ల రైలుమార్గముపై జమ్మలమడుగు స్టేషను కలదు. అచ్చటినుండి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. గుడారము వలదనువారికి పర్యాటక సంస్థ వారి హరిత హోటలు కలదు. గుడారములు అద్దెకిచ్చువారును కలరు. ఎచ్చట దిగవచ్చునో, ఎచ్చట దిగరాదో ముందుగా స్థానికులనడిగి తెలిసికొనవలెను.

సాయంకాలము మాధవరాయస్వామి ఆలయము, రంగనాథాలయము, జామియా మసీదు, పాతకాలపు ధాన్యాగారము తీరికగా చూడవచ్చును. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె ఇచ్చటనే మీర్ జుమ్లాను దర్శించెను. తెల్లవారుజామున లేచి కూర్చున్నచో, ఎర్రని గోడలపైకి వెలుతురు మెల్లగా దిగుటయు, అడుగున పెన్న మెరయుటయు కనిపించును. అందులో మన పోతిరెడ్డిపాడు దాటి వచ్చిన నీరును కొంత ఉండవచ్చునని పిల్లలకు చెప్పుడు. ఇంటికి వచ్చి కాలువను చూచునపుడెల్ల వారికి గండికోట జ్ఞప్తికి వచ్చును.