ఆటలో వంతు – వంతులో పని

తెలుగులో ‘వంతు’ అనే మాటకు రెండర్థాలు కలవు. “ఆస్తిలో నా వంతు” అన్నప్పుడు అది పాలు. “ఇప్పుడు నా వంతు” అన్నప్పుడు అది క్రమం. ఉర్దూలో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నవి: పాలుకు ‘హిస్సా’, క్రమానికి ‘బారీ’. మన భాష రెండింటినీ ఒకే మాటలో ఇమిడ్చినది. సింహాద్రి విద్యుత్ కేంద్రానికీ ఫార్మా సిటీకీ నడుమనున్న మన పరవాడలో వంతు అనగానే ముందుగా షిఫ్టు గుర్తుకు రావడం సహజమే. కాని మేమిక్కడ చెప్పదలచినది ఆటలలోని వంతును గురించి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటల నియమాలను పరిశీలించిన కొలదీ, వంతు రావడమంటే ఆటలో పాలు దొరకడమేనని మాకు తోస్తున్నది.

మనకు బాగా తెలిసిన అష్టాచెమ్మాతో మొదలుపెడదాం. ఇరవై అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. వంతు వచ్చినవారు గవ్వలు వేస్తారు, పడిన పందెమంత కాయను జరుపుతారు. ఇంతవరకు ఒక వంతుకు ఒక పని. అయితే నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఈ రెంటిలో ఏది పడినా మరొక పందెం వేసే హక్కు వస్తుంది. ఎదుటివారి కాయను చంపినా అంతే. గవ్వ బోర్లా పడడానికీ వెల్లకిలా పడడానికీ సమానావకాశం ఉన్నదనుకుంటే, పదహారు విధాలలో ఒకటి చెమ్మ, ఒకటి అష్ట. అనగా ఎనిమిది పందేలకు ఒకసారి వంతు పొడిగింపు. నిజానికి గవ్వ అంత నిష్పక్షపాతి కాదు, అది వేరే విషయం. వరుసగా మూడుసార్లు పెద్ద పందెం పడితే అవన్నీ చెల్లవని కొన్ని ఇళ్లలో కట్టుబాటు ఉన్నది. ఆ కట్టుబాటు ఏర్పరచిన పెద్దమ్మ ఎవరో గాని, ఆటను బాగా ఎరిగిన మనిషి. అదృష్టం ఒకరి వంతును ఎంతగా సాగదీసినా, తక్కినవారు ఊరక చూస్తూ కూర్చునే స్థితి రాకూడదని ఆమె ఉద్దేశం.

పులిజూదం వేరొక తీరు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీదుగా దూకి చంపగలదు. మేక చంపలేదు, దారి కట్టగలదు. మేకలన్నీ పటం మీదికి వచ్చేవరకు ఒక్క మేక కూడా కదలరాదు. బలంలో ఇంత తేడా ఉన్నా వంతు మాత్రం చెరిసగం: పులులవారు ఒకటి, మేకలవారు ఒకటి. ఇక్కడ వంతు పక్షానిదే గాని ప్రాణిది కాదన్నది గమనించదగిన విషయం. పదిహేను మేకలకూ కలిపి ఒక్క వంతే. ఒకవేళ ప్రతి మేకకూ విడివిడిగా వంతు ఇచ్చినట్లయితే, పులులు రెండు చుట్లలో కట్టుబడిపోయి ఆటే ఉండదు.

ఈ సూక్ష్మం తెలిస్తేనే విద్యార్థులలో కొందరు ఇటీవల ఆసక్తి చూపుతున్న పాత్రధారణ క్రీడలు అర్థమవుతాయి. ఇంగ్లీషులో వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికనులు 1974లో ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వీటికి ఆద్యం. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, కథలోని ఊళ్ళు, అడవులు, శత్రువులు అన్నీ ఆయన నోటనే పలుకుతాయి. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, తమ పాత్ర ఏమి చేస్తున్నదో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనచోట పాచిక తేలుస్తుంది. కథ సాఫీగా సాగుతున్నంతసేపు వంతుల లెక్క అంతగా ఉండదు. కత్తి దూసిన మరుక్షణం వంతులు ప్రవేశిస్తాయి, ఏలయనగా అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి దెబ్బ ముందో తేలదు.

2014 నాటి ఐదవ కూర్పు ప్రకారం పద్ధతి ఇది. పోరాటం మొదలవగానే ప్రతివారూ ఇరవై ముఖాల పాచిక వేసి, తమ పాత్ర చురుకుదనానికి తగిన అంకెను కలుపుతారు. ఎక్కువ వచ్చినవారు ముందు, తక్కువ వచ్చినవారు వెనుక. అందరి వంతులూ అయితే ఒక చుట్టు. కథాకాలంలో ఒక చుట్టు అంటే సుమారు ఆరు సెకండ్లు మాత్రమే. బల్ల దగ్గర అదే చుట్టుకు పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. తన వంతులో మనిషి కొంతదూరం నడవవచ్చు (సాధారణంగా ముప్పై అడుగులు), ఒక ముఖ్యమైన పని చేయవచ్చు: కొట్టడమో, మంత్రం వేయడమో, తోటివానికి సాయపడడమో. ప్రత్యేకశక్తి ఉన్నవారికి మరొక చిన్న పని అదనం. ఇదిగాక ఒక ప్రతిక్రియ ఉంటుంది. దానిని ఇతరుల వంతులో వాడుకోవచ్చు. ఉదాహరణకు ఎదుటనున్న శత్రువు వెన్నుచూపి పారిపోతుంటే, మన వంతు కాకపోయినా ఒక దెబ్బ వేయవచ్చు. అయితే దానిని ఒకసారి వాడితే మళ్ళీ మన వంతు వచ్చేదాకా అది ఉండదు.

ఇక్కడ వంతు పక్షానిది కాదు, మనిషిది. అయిదుగురు వీరులకు అయిదు వంతులు, వారి ఎదుట ఒంటరి మహాసర్పానికి ఒకటే. పులిజూదంలో మేకలకు విడివిడి వంతులిస్తే జరిగేదే ఇక్కడ జరుగుతుంది: ఎంత బలవంతమైన జంతువైనా రెండు మూడు చుట్లలో నేలకూలుతుంది. అందుకని అటువంటి గొప్ప శత్రువులకు, ఇతరుల వంతు ముగిసినప్పుడు, పరిమిత సంఖ్యలో, ఒక చిన్న పని చేసే సౌకర్యం కల్పించారు. దాని బలం పెంచలేదు, వంతులు పెంచారు. మా దృష్టిలో ఆ గ్రంథంలోని తెలివైన నియమాలలో ఇది ఒకటి.

తన వంతు కానప్పుడు పలికే హక్కు తెలుగువారికి కొత్తది కాదు. అష్టావధానాన్ని తలచుకోండి. పృచ్ఛకులు ఎనిమిదిమంది. నిషేధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన – ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక పాదం చొప్పున అవధాని పద్యాలు సాగిస్తారు. ఇది చక్కని చుట్టు, చక్కని వంతు. కాని అప్రస్తుత ప్రసంగికి క్రమమంటూ లేదు. ఆయన ఎప్పుడైనా అడ్డు తగలవచ్చు. అదే ఆయనకిచ్చిన పని. అందరికీ ఆ హక్కు ఉంటే అది అవధానం కాదు, సంత. ఒక్కరికే ఉన్నది కనుక సభకు అందం, అవధానికి పరీక్ష.

వంతులు అసలే అక్కరలేదన్నవారూ ఉన్నారు. 2010లో బేకర్ దంపతులు వెలువరించిన ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే క్రీడలో పోరాటవేళ కూడా వరుసక్రమం లేదు. ఆట అంతా సంభాషణే, ఎవరు ఏమి చేస్తున్నారో అన్నదానిని బట్టి సూత్రధారి తరువాత మరొకరివైపు తిరిగి “మీరేమి చేస్తారు?” అని అడుగుతాడు. నేర్పరి సూత్రధారి చేతిలో ఇది కథను నదిలా నడిపిస్తుంది. కాని దీనికొక చిక్కున్నది. మా తరగతి గదులలో చర్చ పెట్టినప్పుడు లేచే చేతులు ఎప్పుడూ ఆ మూడే. చివరి బల్లపై కూర్చున్న అమ్మాయికి చెప్పవలసినది లేక కాదు, ఆ ముగ్గురి మాటల నడుమ సందు దొరకక. వంతులేని ఆటలో ఆమె ఒక సాయంకాలమంతా వినికిడితోనే సరిపెట్టుకుంటుంది. వంతున్న ఆటలో, ఎంత మెల్లగా మాట్లాడినా, ఆమె పాత్ర కత్తి దూసేవరకు తక్కినవారు ఆగవలసినదే. ఫోనులో లూడో ఆడేవారికి ఈ సంగతి తట్టదు, వంతును యంత్రమే కాపాడుతుంది గనుక. బల్ల దగ్గర దానిని కాపాడేది కూర్చున్నవారి ఒప్పందమే.

అందుచేత ఈ క్రీడను మొదలుపెట్టదలచిన విద్యార్థులకు మేమొక సులువైన ఏర్పాటు సూచిస్తున్నాము. పోరాటవేళ గ్రంథంలోని నియమమే చాలు. తక్కిన కథాభాగంలో ప్రతివారి ముందు ఒక గవ్వ వెల్లకిలా ఉంచండి. తన పాత్ర చేత ఏదైనా చేయించినవారు తమ గవ్వను బోర్లించాలి. బోర్లించినవారు ఇతరుల ప్రశ్నకు బదులు చెప్పవచ్చును గాని, కొత్త పని తలపెట్టరాదు. అన్ని గవ్వలూ బోర్లపడిన తరువాత సూత్రధారి వాటిని తిరగవేసి మరొక చుట్టు మొదలుపెడతాడు. దీనికి కావలసినది ఒక బల్ల, గుప్పెడు గవ్వలు, వారానికొక సాయంకాలం ఒక ఖాళీ గది. మొదటి రెండూ విద్యార్థులు తెచ్చుకోగలరు. మూడవది కళాశాల కమిటీవారి వంతు.